శశిరేఖాపరిణయగాథ : సురభినుండి మాయాబజారు వఱకు

“మాయాబజారు” అను పదమును జూచినప్పుడెల్ల వ్యాకరణము చదివినవాని కొక సంకటము పుట్టును. మాయాశబ్దము సంస్కృతము. బజారుశబ్దము పారసీకమునుండి వచ్చిన యన్యదేశ్యము. సంస్కృతమున నాకారాంతమైన స్త్రీలింగశబ్దము తెలుఁగునఁ దత్సమమగునపుడు తుది హ్రస్వమగును గనుక “మాయబజారు” అనుటయే లక్షణము. దీర్ఘమును నిలిపి బజారుతో సమసించుట వైరిసమాసము. ముప్పది యేండ్లుగాఁ బ్రొద్దుటూరిలో విద్యార్థులకు వైరిసమాసమును బోధింపవలసి వచ్చినప్పుడెల్ల నే నీపదమునే లక్ష్యముగాఁ జెప్పుచు వచ్చితిని. వారును నవ్వుచు గ్రహించుచు వచ్చిరి. కాని యే యొక్కరును బాఠశాల దాఁటిన పిమ్మట దానిని దిద్దుకొని పలికినట్లు నే నెఱుఁగను. పండితుఁడు దోషమన్నదానిని లోక మింత ప్రేమతో నేల నిలుపుకొనినది? ఆ కథ యెక్కడిది? దానికిఁ గడపమండలముతోఁ గల సంబంధ మెట్టిది? దానియందుఁ దెలుఁగువారు దేనిని జూచి నవ్విరి, నవ్వుచు దేనిని గాపాడుకొనిరి? ఈ విచారణయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఈ ప్రశ్న నాకుఁ గలిగిన సందర్భమును ముందుగాఁ జెప్పవలయును. గత వేసవిలో నా మేనల్లుని కుమారుఁడు, తొమ్మిదేండ్లవాఁడు, అమెరికానుండి వచ్చి మా యింట నొక నెల యుండెను. వాఁడు చేతిఫోనులో నొక బొమ్మలచిత్రమును జూచి నవ్వుచుండఁగా నేనును బ్రక్కఁ గూర్చుండి చూచితిని. దాని పేరు “ది జెట్సన్స్”. హన్నా, బార్బెరా యను నిర్మాతలు దానిని గల్పింపఁగా, 1962 సెప్టెంబరులో ఏ.బి.సి. యను నమెరికా దూరదర్శనసంస్థ ప్రసారముచేయ నారంభించెను. కథ నూఱేండ్ల పిదప జరుగునట్లు కల్పింపఁబడినది. ఇండ్లు ఎత్తైన స్తంభములపై నాకాశమున నిలిచియుండును. వాహనములు గాలిలోఁ దిరుగును. బొత్తామును నొక్కిన భోజనము సిద్ధమగును. ఇంటిపనికి రోజీ యను యంత్రదాసి కలదు. ఇంత వింతలోకమున నున్న కుటుంబమో? గృహస్థుఁడు జార్జి కార్యాలయమునకుఁ బోయి బొత్తాములు నొక్కి, యజమానునిచేఁ జీవాట్లు తిని యింటికి వచ్చును. భార్య జేన్ ఇల్లు చూచుకొనును. కూఁతురు జూడీ, కొడుకు ఎల్రాయ్, ఆస్ట్రో యను కుక్కయుఁ గలరు.

చూడఁజూడ నాకొక యూహ తోఁచెను. నూఱేండ్లు ముందునకుఁ బోయినదన్న యీ యిల్లు 1962 నాఁటి యమెరికా మధ్యతరగతి గృహస్థుని యిల్లే గాని వేఱు గాదు. బండి యాకాశమున కెక్కినది. గృహధర్మము నేలమీఁదనే యున్నది. జీతమిచ్చు యజమానుఁడు లేని లోకము నా కల్పకులు భావింపలేకపోయిరి. నిత్యమును గొత్త వస్తువును గొనుటయే సుఖమను నమ్మకమును, మనుష్యుని శ్రమను యంత్రము మ్రింగుట యభ్యుదయమను నమ్మకమును వారి నాఁటివి. వానినే వారు ముందు కాలమునకుఁ బంపిరి. దీనినిబట్టి యొక నియమము చెప్పవచ్చును: దూరకాలమును గల్పించు హాస్యాద్భుతకథ యా కాలమును జూపదు, కల్పించినవాని యింటినే చూపును. కాలము భవిష్యత్తైన నేమి, ద్వాపరమైన నేమి? ఈ నియమముతో మన మాయాబజారును బరీక్షింపఁదలఁచితిని.

ముందుగా నీ కథయొక్క పుట్టుకను జూతము. వ్యాసభారతమున బలరామునికి శశిరేఖ యను కూఁతురు లేదు. అందభిమన్యుఁడు పెండ్లాడినది విరాటపుత్రికయగు నుత్తరను. తిక్కన విరాటపర్వమునందును నదియే కథ. శశిరేఖాపరిణయము జనులు భారతమునకుఁ జేర్చికొన్న గాథ. తమిళ కన్నడ మహారాష్ట్ర దేశములలో నీ కన్యకు వత్సల యని పేరు. మూలగ్రంథమున లేదని పండితులు దీనిని బుక్కిటఁ బట్టలేదు. పాడువారు, ఆడించువారు, ఆడువారు దీనిని బోషించిరి.

ఆ పోషకులలో మా మండలమునకుఁ బ్రధానస్థానము గలదు. మహారాష్ట్రమునుండి తరలివచ్చి రాయలసీమలో స్థిరపడిన కొన్ని మరాఠీకుటుంబములు తోలుబొమ్మలాటచే జీవించుచుండెను. తోలును బలుచఁగా జేసి, రంగులు వేసి, సన్నని రంధ్రములు తొలిచి, తెల్లని తెఱవెనుక దీపమునకు ముందుంచి కదల్చిన నా బొమ్మ ప్రాణముగల దానివలెఁ దెఱపైఁ దోఁచును. నేను జమ్మలమడుగు ప్రాంతమున బాల్యమున నుండఁగా, పెన్నయిసుకలో రాత్రి యంతయు నట్టి యాట జరుగుట యెఱుఁగుదును. రామరావణుల యుద్ధమునకు నడుమఁ గేతిగాఁడును, జుట్టుపోలిగాఁడును, బంగారక్కయు వచ్చి మోటుమాటలతో జనులను నవ్వించుచుండిరి. ఆ మాటలు వినరాదని మా తండ్రిగారు నన్ను సగమాటలోనే యింటికిఁ దీసికొనిపోవుచుండిరి. బొమ్మకుఁ బ్రాణము పోసి నవ్వించు విద్య యమెరికాలో నిరువదవ శతాబ్దమునఁ బుట్టినదని తలంచు బాలురకు, అది మన యేటిగట్టున నంతకు ముందే యుండెనని చెప్పవలసియున్నది.

ఈ బొమ్మలాటకుటుంబములలో వనారసవారు ప్రసిద్ధులు. కడపమండలమున నేఁడు చక్రాయపేట మండలమునఁ జేరిన సురభిగ్రామమున, 1885లో వనారస గోవిందరావుగారి నాయకత్వమునఁ గీచకవధ నాటక మాడఁబడినది. అంతవఱకుఁ దోలుబొమ్మల నాడించిన చేతులవారు తామే రంగమెక్కిరి. ఆ యూరి పేరే వారి నాటకసమాజమునకుఁ బేరైనది. పురుషులే స్త్రీవేషములు ధరించు నా దినములలో సురభివారు తమ యింటి స్త్రీలనే రంగముపై నిలిపిరి. తల్లి, తండ్రి, కోడలు, మనుమఁడు నందఱును నటులే. రంగమే వారి యిల్లు. బొమ్మలను సూత్రములతోఁ గదల్చిన నేర్పునే వారు త్రాళ్ళకును గప్పీలకును మార్చి మనుష్యులను గాలిలో నెగురవేసిరి. వారి మాయాబజారు నాటకమున ఘటోత్కచుఁ డాకాశమున సంచరించును, వస్తువులు మాయమగును, భక్ష్యములు తమంతఁ దామె కదలును. 1932లో వెలువడిన తొలి తెలుఁగు టాకీ “భక్తప్రహ్లాద”లో లీలావతి పాత్రను ధరించిన సురభి కమలాబాయి యీ సమాజమునకుఁ జెందినదే. 1936లో పి.వి. దాసుగారు శశిరేఖాపరిణయమును జలనచిత్రముగాఁ దీసిరి. అందు శశిరేఖ శాంతకుమారి.

పిమ్మట 1957 మార్చి 27వ తేదీని విజయాసంస్థవారి “మాయాబజార్” వెలువడెను. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణిగారలు. 1947 జూలైలోఁ జందమామ మాసపత్రికను బాలుర చేతికిచ్చినవారును వీరే. బి. నాగిరెడ్డిగారు కడపజిల్లా పొట్టిపాటిలో జన్మించిరి. వారి యన్నగారు, “మల్లీశ్వరి” చిత్రమును 1951లో నిర్మించిన బి.ఎన్. రెడ్డిగారు, పులివెందుల తాలూకా కొత్తపల్లెలోఁ బుట్టినవారు. దర్శకులు కె.వి. రెడ్డిగారిది తాడిపత్రి. తాడిపత్రిని దాఁటిన పెన్న గండికోట లోయలోఁ జొచ్చి, జమ్మలమడుగును బ్రొద్దుటూరును దాఁకి తూర్పునకుఁ బాఱును. బొమ్మలాట, నాటకము, చిత్రము నీ మూఁడును నొక్క యేటి సీమవారి చేతులఁ బెరిగినవనుట యతిశయోక్తి గాదు. మాటలు, పాటలు మాత్రము పింగళి నాగేంద్రరావుగారివి. ఛాయాగ్రాహకుఁడు మార్కస్ బార్ట్లీ. మఱి యేఁబదియాఱేండ్లకు, 2013లో, సి.ఎన్.ఎన్.–ఐ.బి.ఎన్. వారు జరిపిన జనాభిప్రాయసేకరణమున నిది భారతీయచిత్రము లన్నిటిలో నుత్తమముగా నెన్నికయ్యెను.

ఇఁక నీ యద్దమునఁ గనఁబడు నిల్లెట్టిదో చూతము. కథ కంతకును మూలము మేనఱికము. సుభద్ర తన యన్న కూఁతురిని దన కొడుకునకుఁ గోరినది. బలరాముఁడు మాట యిచ్చినాఁడు. పాండవులు జూదమున రాజ్యము గోలుపోఁగానే రేవతి మనసు మాఱినది. సంబంధము దుర్యోధనుని కొడుకగు లక్ష్మణకుమారునకుఁ గుదిరినది. మేనమామ కూఁతురిని బెండ్లాడుట దక్షిణదేశీయుల యాచారమని బౌధాయనధర్మసూత్రము చెప్పుచున్నది. ఉత్తరదేశమున నది నింద్యము. భారతమున నర్జునుఁడు సుభద్రను, మేనమామయగు వసుదేవుని కూఁతురిని, బెండ్లాడియున్నాఁడు గదా యని మన పూర్వులు దానిని దమకుఁ దార్కాణముగాఁ గొనిరి. తరువాత నొక తరమునకుఁ బొడిగించి, యర్జునుని కొడుకునకును దమ యింటి యాచారమునే విధించిరి. అనఁగా ద్వాపరయుగమునకుఁ దెలుఁగిల్లు పోయి చేరినది. జెట్సన్ కుటుంబ మాకాశమునకుఁ బోయినట్లే.

అంతియ గాదు. కథలోఁ బాపము యుద్ధము గాదు, రాజ్యాపహరణము గాదు. ఇచ్చిన మాటను ధనము చూచి త్రిప్పుకొనుటయే పాపము. చిత్రమునఁ బ్రియదర్శిని యను నొక పేటిక గలదు. దానిని దెఱచి చూచినవారికిఁ దమకుఁ బ్రియమైనది యందుఁ గనఁబడును. శశిరేఖ కభిమన్యుఁడును, బలరామునికి శిష్యుఁడగు దుర్యోధనుఁడును, రేవతికి నగలును గనఁబడును. కృష్ణునకుఁ గనఁబడినవాఁడు శకుని. ప్రొద్దుటూరు బంగారపు వ్యాపారమునకుఁ బేరెన్నికగన్న పట్టణము. పెండ్లికాలమున మా యూరి నగలయంగళ్ళ వీథిలో నిలిచి, తల్లిదండ్రుల ముఖములను, తూఁకమువంక చూచు కన్నులను గాంచినవానికి రేవతి ప్రియదర్శినిలో నేమి చూచెనో వివరింప నక్కఱలేదు. నేఁటి చేతిఫోనును బోలిన యీ పేటికను 1957లోనే కల్పించిరని యాశ్చర్యపడువారు గలరు. నాకట్టి యాశ్చర్యము లేదు. ఆ కల్పన యంత్రమును గూర్చినది గాదు, దానివంక చూచువాని మనస్సును గూర్చినది. తుదిభాగమున సత్యపీఠ మను నింకొక వింత గలదు. దానిపై నిలిచినవాఁడు సత్యమునే పలుకును. శకుని దానిపై నిలిచి తన కుట్రను దానే చాటుకొనును. మాట తప్పుటచే మొదలైన కథ నిజము పలుకుటచేఁ దీఱినది. నడుమ వచ్చిన మాయ యంతయు నీ రెంటికిని సేతువు.

అమెరికా కథలో నింటికి సాయపడునది యంత్రదాసి. మన కథలో సాయపడువాఁడు రాక్షసుఁడు. కాని వాఁడు దాసుఁడు గాఁడు, అన్న. రాజ్యము పోయిన సుభద్ర కొడుకును వెంటఁబెట్టుకొని యడవిఁ బోఁగా, నాదరించి మాట నిలిపినవాఁడు హిడింబ కొడుకగు ఘటోత్కచుఁడు. నగరమున మేనమామ పొమ్మనెను. అడవిలోఁ దండ్రి వేఱొక భార్యకుఁ బుట్టిన యన్న రమ్మనెను. బంధుత్వము కులగౌరవముచే గాక చేఁతచేఁ దెలియునని కథ యొక్క మాటయైనఁ బ్రసంగింపకయే తెలిపినది. భారతము చదివినవారి కిందు మఱియొక విషాదచ్ఛాయ గోచరించును. ఈ యన్నదమ్ము లిరువురును ద్రోణపర్వమునఁ గూలఁబోవువారే. అభిమన్యుఁడు పద్మవ్యూహమున, ఘటోత్కచుఁడు కర్ణుని శక్తిచేత. తెఱముందు గూర్చున్న నిరక్షరుఁడగు వృద్ధునకును నీ సంగతి తెలియును. తెలిసియు నవ్వును. పెండ్లివిందులోని గారెలను బూరెలను నొక్కఁడే యారగించు నా మహాకాయుని జూచి నవ్వు నవ్వున వాని ముందుగతిని మఱచిపోవుట గాక, దానికి ముందు దక్కిన యొక సుదినము ననుభవించుట గలదు.

ఈ కథలో నవ్వులపాలగువారిలో మన వర్గమువారును గలరని పాఠకపండితులు గమనింపవలయును. కౌరవులతో వచ్చిన శర్మయు శాస్త్రియు ముఖస్తుతికి నేర్చిన పండితులు. రాక్షసులు పెట్టిన గిల్పముపైఁ గూర్చుండియు, గింబళిపైఁ గాలిడియు ముప్పుతిప్పలు పడుదురు. ఈ గిల్పగింబళులను గూర్చి వ్యాకరణరీత్యా నొకమాట. “పులి గిలి”, “పని గిని” అని తెలుఁగున మాటను గికారముతో మఱల నుచ్చరించుట కలదు. రెండవమాటకు వేఱుగ నర్థము లేదు. మొదలగునవి యను స్ఫురణ మాత్ర మందుండును. చిత్రమున “తల్పము గిల్పము”, “కంబళి గింబళి” యనఁగా, అర్థములేని యా రెండవమాటకే యొక వస్తువును సృష్టించి చూపిరి. శబ్దార్థసంబంధము సిద్ధమని వార్తికకారుఁడు చెప్పెను. ఇచట శబ్దము ముందు పుట్టి, యర్థము వెనుకఁ బరువెత్తి వచ్చినది. ఇంతకంటె మాయ వేఱేమి కావలయును?

అంతకంటెను నన్ను బాధించినది “అసమదీయులు” అను మాట. చిన్నమయుఁడను రాక్షసగురువు శిష్యులకుఁ బాఠము చెప్పుచుండఁగా, శిష్యుఁడు దుష్టచతుష్టయమును “దుసటచతుసటయము” అనును. అస్మదీయులు “అసమదీయులు” అగుదురు, వారికి వ్యతిరేకులు “తసమదీయులు” అగుదురు. ఘటోత్కచుఁడు దిద్దఁడు, మెచ్చును. నేను బహుకాల మీ ఘట్టమును సహింపలేకపోయితిని. అస్మచ్ఛబ్దము త్యదాదులలోనిది. త్యదాదులకు వృద్ధసంజ్ఞ గలదు గనుక ఛప్రత్యయము, దానికి ఈయాదేశము వచ్చి అస్మదీయరూపము సిద్ధించును. తచ్ఛబ్దమునకుఁ దదీయ మనియే రూపము. “తసమదీయ”మున కే సూత్రమును లేదు. విద్యార్థులు దీనిని బలికినప్పుడెల్ల దండించితిని.

కాని యొకనాఁడు తద్భవప్రకరణము చెప్పుచు నాలుక కఱచుకొంటిని. రత్నము “రతన”మైనది. యత్నము “జతన”మైనది. సంయుక్తాక్షరమును నోరు తిరుగని తెలుఁగువాఁడు నడుమ నచ్చును జేర్చి విడఁదీసికొనెను. పూర్వకవులు వానిని బ్రయోగించిరి, లాక్షణికులు వానికి స్థాన మిచ్చిరి. మఱి స్మకారమును “సమ” యని విడఁదీసిన రాక్షసబాలుఁడు చేసిన యపరాధ మేమి? మన తద్భవములు పుట్టిన త్రోవనే వాఁడు నడచినాఁడు. కాలమున వెనుకఁబడుటయే వాని దోషము. తసమదీయశబ్దమును సామ్యముచేఁ బుట్టినదే. భాషలో నిట్లు పుట్టిన రూపములు వేలు. 1911లో మద్రాసున నాంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమైనది మొదలు గ్రాంథికవ్యావహారికవాదము లెన్నియో జరిగినవి. నే నిప్పటికిని గ్రాంథికమునే వ్రాయుచున్నాను. అయినను నా వాదమున కెదుటి పక్షమువారు చూపిన సాక్ష్యములలో నీ రాక్షసపాఠశాలను మించినది లేదని యొప్పుకొనవలసియున్నది.

ఇంతవఱకు గుణములను జెప్పితిని. దోషములను జెప్పకున్నఁ జరిత్ర గాదు. జెట్సన్స్ కథారంభమున జార్జి భార్యకొక నోటు నీయఁబోఁగా, నామె నోటును విడిచి డబ్బుసంచినే పుచ్చుకొని యంగడికిఁ బోవును. మాయాబజారున రేవతికి నగలు గనఁబడును. లోకములు రెండు, యుగములు రెండు. కాని ధనాశ యను నింద రెండు చోట్లను గృహిణిపైననే పడినది. జార్జి యజమానుని లాభాపేక్షయు, మాట యిచ్చి తప్పిన బలరాముని యభిమానమును జనుల నవ్వులో సులువుగాఁ దప్పించుకొనినవి. ఇదియు నాయా కాలముల గృహముల లక్షణమే. అద్ద మందమును మాత్రమే చూపదు.

రెండవ దోషము సూక్ష్మమైనది, నాకుఁ దగిలినది. మాయాబజారున నిచ్చిన మాటయుఁ గన్యయొక్క మనస్సును నొక్కటియే. శశిరేఖ కోరినవాఁడే మాట పొందినవాఁడు. కావునఁ గథకులకు సంకటము లేదు. ఆ రెండును విడిపోయినచో నేది ధర్మము? నా కూఁతురు పుట్టిన నాఁడు నా యక్కగారు తన కొడుకునకు దానిని గోరఁగా నేను మాట యిచ్చితిని. పిల్లలు పెద్దవారైరి. మేనల్లుఁడు యోగ్యుఁడు, అమెరికాలో నుద్యోగము చేయుచుండెను. నా కూఁతురు వానిని నన్నవలెఁ జూచితి నని చెప్పి యొల్లననెను. 1955 నాఁటి హిందూవివాహచట్టము నిషిద్ధసంబంధములను జెప్పుచునే, యాచార మున్నచోట మేనఱికమునకుఁ జోటిచ్చినది. చట్ట మడ్డు గాదు, ఆచార మడ్డు గాదు, పిల్ల మన సడ్డు. నేను మాట తప్పితిని. అక్కగారు రెండేండ్లు మా గడప త్రొక్కలేదు. ఆ నాఁటినుండి బలరామునిఁ జూచి నవ్వుట మానితిని. నాకు ధనాశ లేదని నన్ను నేను సమర్థించుకొనవచ్చును. కాని మాట మాటయే. ఈ కథ నా ప్రశ్నకు సమాధానము చెప్పదు. చెప్పవలసిన యవసరము 1957 నాఁటి యింటికి రాలేదు. వచ్చిన యిండ్లు మనవి. కాఁబట్టి మఱియొక మాయాబజారును మన తరమువారు కల్పింపవలసియున్నది.

కల్పనాశక్తి యడుగంటలేదు. మాయాబజారున కె.వి. రెడ్డిగారికి సహాయకులుగా నుండిన సింగీతము శ్రీనివాసరావుగారు 1991లో “ఆదిత్య 369” చిత్రమును దీసిరి. అందొక కాలయంత్ర మిప్పటివారిని గృష్ణదేవరాయల కాలమునకును, పిదప 2504వ సంవత్సరమునకును గొనిపోవును. వెల్సు అను నాంగ్లరచయిత 1895లోఁ గల్పించిన కాలయంత్రము తెలుఁగువాని చేతికి రాఁగానే మొదట నేగినది రాయల సభకు. ఆంగ్లేయుని యంత్రము భవిష్యత్తునకుఁ బరువెత్తినది. తెలుఁగువాఁడు దాని నెక్కి ముందుగాఁ బుట్టింటిని జూచి వచ్చినాఁడు. 2008లో నదే దర్శకులు ఘటోత్కచుని బాల్యము మొదలు బొమ్మలచిత్రముగాఁ దీసిరి. తోలుబొమ్మగా మొదలైన విద్య సురభిరంగమునను, విజయావారి తెఱపైనను మనుష్యరూపముఁ దాల్చి, మఱల బొమ్మయైనది. చక్రము పూర్తియైనది.

ఆ చిత్రమును మా మనుమనికిఁ జూపుదమనుకొంటిని. వాఁడు ముందు పాతదియే చూపుమనెను. చూచెను. తెలుపునలుపు బొమ్మ యని మొదట ముఖము చిట్లించిన వాఁడు ప్రియదర్శినికడ నిటారుగాఁ గూర్చుండెను. మేనమామ కూఁతురిని బెండ్లాడుటేమని యడిగెను. వాని తరగతిలో నట్టి మాట చెప్పిన నవ్వుదురఁట. నే నాచారమును వివరించితిని. వానికి సమ్మతము గాలేదు. అయినను మాట తప్పినందులకు బలరామునిపైఁ గోపించెను. ఆచారము వానికిఁ దెగిపోయినది, దాని వెనుకనున్న నీతి తెగలేదు. నాకుఁ గలిగిన యూఱట యంతయు నదియే. వాఁడు తిరిగి పోవు దినమున బండి యెక్కుచు, ఈ యింటివా రందఱును దన యసమదీయులని వేళ్ళు మడిచి లెక్కించెను. నా యక్కగారు గడపలో నిలిచియుండిరి. నేను వాని మాటను దిద్దలేదు.

విజ్ఞులకొక మనవి. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామములలోఁ దోలుబొమ్మలాటలను జూచిన వృద్ధు లింకను గలరు. కేతిగాఁడును బంగారక్కయుఁ బలికిన మాటలు, శశిరేఖకథను వా రాడిన తీరు, మోటుమాటలని మన పెద్దలు విననీయని నుడికారములు వారి నోళ్ళ మాత్రమే యున్నవి. పాఠశాలాపండితులు తమ తమ యూళ్ళలో వీనిని విని, దిద్దకయే, పలికినట్లే వ్రాసి పరిషత్తునకుఁ బంపినచో భాషాచరిత్రకును గుటుంబచరిత్రకును గొప్ప సాధనము లభించును. దిద్దకుండుట మనకుఁ గష్టమైన పనియే. ఆ మాటలు పలికినవారు మనకన్న ముందు వెడలిపోవుచున్నారు గనుక వినుట ముందుగాఁ గావింపవలయును. సూత్రములు పిమ్మట వెదకుకొనవచ్చును.